డెల్టా పెరటికి తగిన చిరకాలపు పూలమొక్కలు

గంటపూలను గూర్చి మన సంఘ సభ్యులు పలువురు మమ్ము ప్రశ్నించుచున్నారు. సీమదేశపు తోటలలో నీలి గంటలవలె వ్రేలాడు ఈ పూవుల పటములను చూచి, గింజల పొట్లములు తెప్పించి, పెరటిలో చల్లి, ఫలము కానక విచారించినవారు కొందరు. తెప్పింపవచ్చునా యని అడుగువారు కొందరు. ఘంటసాల ప్రక్కనున్న మనకు గంటపూలు ఏల రావని ఒక సభ్యుడు పరిహాసమాడెను. ఆ ప్రశ్నకు నవ్వి యూరకుండుట న్యాయము కాదు. పొట్లమునకు పెట్టిన రూకలు పోవుట చిన్న నష్టమే. కాని ఒకమారు మొక్క చచ్చిన పెరటిలో ఇల్లాండ్రు రెండవమారు మొక్క నాటుటకు మనసు పెట్టరు. మన నేలలో పూలు బ్రతుకవను మాట ఆ యింట స్థిరపడును. ఆ మాట సత్యము కాదు. తగిన మొక్కను తగిన చోట పెట్టలేదనుటయే సత్యము.

మేమును ఈ పొరపాటు చేసినవారమే. మేము చదివిన మిషను పాఠశాలలో గోడమీది పటమున ఈ పూవును చిన్ననాడు చూచియుంటిమి. ఆ కోరిక విడువక, ఉద్యోగమున ప్రవేశించిన కొలది యేండ్లకు ఒక పొట్లము తెప్పించి, కార్తీకమున వానలు వెలిసిన పిదప కుండీలలో చల్లితిమి. గింజ పొగాకు గింజవలె దుమ్మంత సన్నము. మొలక చక్కగా వచ్చెను. పుష్యమాసమునకు ఆకులు నేలనంటి గుండ్రముగా పరచుకొనెను. మాఘము గడచెను, పూకాడ లేవలేదు. ఫాల్గుణమున ఎండ ముదురగా ఆకులు అంచులనుండి మాడెను. ఉగాదినాటికి కుండీలలో మట్టి తప్ప మరేమియు మిగులలేదు. నీరు చాలలేదేమో యని మరుసటి యేడు మరింత నీరు పోసితిమి. ఆ యేడు వేరు క్రుళ్లి మొక్క ముందే పోయెను.

దీనికి కారణము సులభము. ఈ జాతికి శాస్త్రజ్ఞులిడిన పేరు కాంపాన్యులా. లాటిను భాషలో చిన్న గంట యని దాని యర్థము. ఐరోపా ఖండపు చల్లని ప్రాంతములును, మధ్యధరా సముద్రము చుట్టునున్న కొండలును, కాకసస్ పర్వతములును ఇందలి పెక్కు రకములకు పుట్టినిండ్లు. తోటలలో మిక్కిలి ప్రసిద్ధమైన కాంటర్‌బరీ గంట మొదటి యేడు ఆకు మాత్రమే వేసి, చలికాలమంతయు ఊరకుండి, రెండవ యేట పూచును. తక్కిన చిరకాలపు రకములలో పెక్కింటికి చలికాలమున పైభాగము ఎండిపోవును. వేరు భూమిలో దాగియుండి వసంతమున మరల చిగిర్చును. ఆ చలి వారములకొలది తగిలిననే వానికి పూయు శక్తి కలుగును. మన చలికాలము వానికి చలికాలముగానే తోచదు. ఉదకమండలము, కొడైకెనాలు వంటి కొండలమీద సాధ్యమగు పని బందరు, గుడివాడ, దివిసీమల మైదానమున సాధ్యము కాదు. ఇందు రైతు దోషము లేదు. గింజ దోషమును లేదు.

ఓర్పుగల మొక్క యనగానేమి?

సీమతోటల పుస్తకములలో ఓర్పుగల మొక్క యనగా మంచుకు ఓర్చునది యని యర్థము. మనకు మంచుతో పనిలేదు. మన మొక్క ఓర్చవలసినవి మూడు: నిలువనీరు, వేసవి, ఉప్పు. ఈ మూడింటిని తలచుకొనక ఏ పటమును చూచియు, ఏ సంతలోని కుండీని చూచియు మొక్క కొనరాదు.

మొదటిది నిలువనీరు. మన నల్లరేగడి నీటిని పట్టి విడువదు. వరిచేలు నిండిన దినములలో ఊటనీరు పెరటిలోనికి ప్రాకును. ఆశ్వయుజ కార్తీకములలో తుపాను వచ్చెనా, రెండు మూడు దినములు పెరడు చెరువగును. అట్టి నేలలో వేరునకు గాలి యందదు. వేరు క్రుళ్లిన మొక్క నీటిలో నిలిచియే దప్పితో వాడును. వాడినది చూచి ఇంకను నీరు పోయువారును గలరు.

రెండవది వేసవి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన బ్రతుకు కాలువలతో ముడిపడినది. 1957లో ప్రకాశము బారేజి దానికి బదులుగా నిలిచినది. ఆ కాలువలు సాధారణముగా వేసవిలో కట్టివేయబడును. అప్పుడు చెరువు నీరు మనుష్యులకును పశువులకును ముందు కావలెను. పూలమొక్క వంతు కడపటిది.

మూడవది ఉప్పు. సముద్రమునకు దగ్గర గ్రామములలో బోరునీరు ఉప్పగా నుండుట అందరెరిగినదే. ఉప్పునీటి రొయ్యల చెరువుల ప్రక్కనున్న నేలలకు ఊటవలన ఉప్పు ఎక్కుచున్నది. వేసవిలో నేల పైతడి ఆరినకొలది అడుగునీరు పైకి ప్రాకి, ఆవిరియైపోయి, ఉప్పును మాత్రము పైన విడిచిపోవును. మనము చూచు తెల్లని పొర అదియే. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఉప్పు మన ప్రాంతమున పుస్తకములలో చదువుకొను విషయము కాదు.

నేలను సిద్ధపరచుట

ఈ మూడింటికిని సగము మందు మట్టిపనిలోనే కలదు. పెరటిలో గుంటలు త్రవ్వి మొక్క నాటుట మన అలవాటు. రేగడిలో గుంట యనగా నీటికి తొట్టి కట్టుటయే. గుంట త్రవ్వుటకు బదులు గట్టు కట్టవలెను. నేలకంటె అడుగున్నర ఎత్తున, మూడడుగుల వెడల్పున మట్టి పోసి, దానికి ఇరుప్రక్కల నీరు పోవు బోదెలు తీయవలెను. రెండు గంపల మట్టికి ఒక గంప ఇసుకయు, ఒక గంప బాగుగా చివికిన పశువుల యెరువును కలుపవలెను. బోదె నీరు వీధి కాలువలోనికి పోవు దారి ముందుగా చూచుకొనిన పిదపనే గట్టు కట్టవలెను.

నాటిన పిదప గట్టుపై నాలుగు వ్రేళ్ల మందమున వరిగడ్డి పరచవలెను. ఇది తేమను కాపాడును. అంతకంటె ముఖ్యముగా అడుగు ఉప్పు పైకి రాకుండ అడ్డగించును. గడ్డి మొక్క మొదలునకు తగులక, బెత్తెడు దూరమున నుండవలెను. లేనిచో చెద చేరును. నీరు దినదినము చిలుకరించుటకంటె నాలుగైదు దినములకొకసారి నేల లోతున తడియునట్లు పోయుట మేలు. చిలుకరింపు ఉప్పును వేరుదగ్గరనే నిలుపును. నిండుతడి దానిని క్రిందికి దింపును. కాలువ నీరు దొరకునన్ని నాళ్లు బోరునీటిని పోయరాదు.

చౌడు రెండు విధములు. పాలచౌడునకు మంచినీటితో కడుగుటయే మందు. వానకాలమున గట్టు తెరచియుంచిన వాననీరే కడుగును. కారుచౌడునకు మాత్రము జిప్సము వేసి పిదప కడుగవలెను. ఏది యేదో కంటితో నిర్ణయించుట కష్టము కాన, మట్టిని పరీక్ష చేయించి, ఎంత జిప్సము కావలెనో తెలిసికొని వేయవలెను.

ఏయే మొక్కలు?

మెట్టతామర: స్నానపు నీరు, అంట్లు తోమిన నీరు పోవు చోటు ప్రతి పెరటిలోను నుండును. అచ్చట తక్కినవి క్రుళ్లును, మెట్టతామర వర్ధిల్లును. ఎరుపు, పసుపు రంగుల పూవులు ఏడాదిలో చాల భాగము పూచును. దుంపను రెండు మూడు కన్నులుండునట్లు కోసి, మూరెడు ఎడమున నాటవలెను. పూచి ముగిసిన కాడను నేలకు కోసివేసిన ప్రక్కనుండి క్రొత్త కాడ లేచును. మూడేండ్లకొకసారి దుంపలను విడదీయవలెను.

బిళ్లగన్నేరు: మడగాస్కరు ద్వీపమునుండి వచ్చి మన శ్మశానములలోను దారులవెంటను తానే మొలచుచున్నది. ఎండకును కొంత ఉప్పునకును ఓర్చును. నిలువనీటికి మాత్రము ఓర్వదు; కాన గట్టు నడినెత్తిన దీనిని పెట్టవలెను. దీని ఆకులనుండి తీసిన సారములతో చేసిన మందులు రక్తపు క్యాన్సరు మొదలైన రోగములకు వాడుచున్నారు. అట్లని ఇంటిలో ఆకు నమలుటయు కషాయము త్రాగుటయు ప్రమాదకరము.

మందార, నందివర్ధనము: పూజకు నిత్యము పూవునిచ్చు మొక్కలివి. ఆషాఢ శ్రావణములలో పెన్సిలంత లావుగల ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి, సగము మట్టిలో పాతిన వేరూనును. మందారకు పిండినల్లి శత్రువు. తొలుత కనబడినపుడే ఆ చివురు త్రుంచివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు కొంచెము సబ్బునీరును కలిపి చల్లిన చాలును.

నూరువరహాలు: ఎర్రని గుత్తులు సుందరమైనవే కాని, మన సున్నపు పాలుగల రేగడిలో ఆకు పసుపుపచ్చనగును, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగులును. ఇది తెగులు కాదు, ఇనుము అందకపోవుట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు ఒక గ్రాము నిమ్మ ఉప్పును కలిపి, పదిదినముల ఎడమున రెండు మూడుసార్లు ఆకులపై చల్లిన పచ్చదనము మరలివచ్చును.

కాగితపుపూలు: ముండ్లుగల తీగ, దక్షిణ అమెరికా దీని జన్మస్థానము. వేసవికిని ఉప్పుగాలికిని బాగుగా ఓర్చును. నీరు తక్కువైననే పూవు మిక్కుటము. కంచెకు మిక్కిలి తగినది. వానకాలపు చివర కొమ్మలు కత్తిరించిన చలికాలమునుండి విరియబూయును.

టెకోమా: గంటపూలపై మనసుపడినవారికి మేము చెప్పు మొక్క ఇదియే. నర్సరీలవారు దీనినిట్లే పిలుతురు. గుత్తులుగుత్తులుగా పచ్చని గంటలు వ్రేలాడును. ఉష్ణదేశపు మొక్క కాన మన వేసవికి జంకదు. కాయలను ముదురకముందే త్రుంచివేసిన పూత ఎడతెగదు. విడిచినచో గింజ ఎగిరి పొరుగు చేలలో మొలచును. పూవు నీలమే కావలెనన్న దింటెనతీగ కలదు. శంఖుపుష్పమనునదియు ఇదియే. చిక్కుడు జాతిది కాన నేలకు నత్రజనిని చేర్చును, పశువులును తినును. గింజలను ఒక రాత్రి నానబెట్టి తొలకరిలో విత్తిన రెండు నెలలలో పూచును.

చేమంతి, మల్లె: ఇవి కొంత సేవ కోరును. చేమంతి పూత ముగిసిన పిదప మొదట లేచు పిలకలను విడదీసి, వానకాలమంతయు అరుగుమీది కుండీలలో కాపాడి, వానలు తగ్గిన పిదప గట్టునకు మార్చవలెను. మైలవరపు మెట్టనేలలలో మల్లె పెరిగినట్లు మన రేగడిలో పెరుగలేదని దిగులుపడనక్కరలేదు. గట్టు ఎత్తుచేసి, కార్తీకమున నీరు ఆపి, మార్గశిరమున నేలనుండి మూరెడెత్తున కత్తిరించి, ఎరువువేసి, మరల నీరు పెట్టిన మాఘ ఫాల్గుణములనుండి మన పెరటి మల్లెయు పూచును.

గన్నేరును గూర్చి ఒక హెచ్చరిక

పై పట్టికలో గన్నేరును మేము చేర్చలేదు. ఉప్పునకు, ఎండకు, గాలికి, నిర్లక్ష్యమునకు కూడ ఓర్చు మొక్క అదియే. ఒకప్పుడు మేము గ్రామగ్రామమున దానినే చెప్పుచుండెడివారము. పశువు ముట్టదు, కంచె అక్కరలేదు అని చెప్పెడివారము. ఒక సభ్యుడు మా మాట నమ్మి పెరటి హద్దునిండ నాటెను. మూడేండ్లకు చక్కగా ఎదిగెను. ఒకనాడు ఇంటివారు కొమ్మలు కత్తిరించి గడ్డివామి ప్రక్కన వైచిరి. ఆకు ఎండి గడ్డిలో కలిసెను. నాలుగు దినముల పిదప ఆ యింటి చూడిపెయ్య మేతలోని ఎండుటాకులను తిని, పశువైద్యుడు వచ్చులోపలనే పడిపోయెను. మేము వెళ్లినపుడు ఆ సభ్యుడు మమ్ము నిందింపలేదు. "ముట్టదంటిరి గదా, అయ్యగారూ" అని మాత్రము అనెను.

పచ్చియాకు చేదు కాన పశువు సాధారణముగా ముట్టదనుట నిజమే. కాని ఎండిన పిదపను విషము పోదు; ఇతర మేతలో కలిసినచో పశువు గుర్తింపలేదు. కొలది ఆకులే గుండెను ఆపగలవు. ఆ రెండవ మాట మేము చెప్పలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు గంటపూల ప్రశ్న ఎంత కారణమో, చెప్పక విడిచిన ఆ మాటయు అంత కారణము.

కాన, గన్నేరు ఇప్పటికే యున్నవారు దానిని పశువులపాకకును గడ్డివామికిని దూరముగా నుండనిండు. కత్తిరించిన కొమ్మలను ఆనాడే లోతైన గోతిలో పూడ్చవలెను. కాల్చరాదు, పొగయు మంచిది కాదు. పచ్చగన్నేరు కాయ మనుష్యులకును ప్రాణాంతకము. పిల్లలు తిరుగు పెరటిలో ఆ చెట్టు నాటనే వలదు. ఎవరైనను పొరపాటున తినినచో ఇంటి వైద్యములతో కాలము పుచ్చక తత్‌క్షణము ఆసుపత్రికి కొనిపోవలెను.

పూలవలన లాభమేమి?

ధాన్యము పండు సెంటుభూమిలో పూలమొక్క ఏలయని అడుగువారికి మా సమాధానము రెండు విధములు. ఒకటి, మేము చెప్పిన గట్టులు ధాన్యపు భూమిలో కావు. ఇంటి చూరు క్రిందను, మురుగు ప్రక్కను, హద్దువెంటను ఊరక పడియున్న చోట్లలోనివి. రెండవది, పూవు చేనుకును మేలుచేయును. చైనా, వియత్నాము, థాయిలాండు దేశములలో నాలుగేండ్లు వరిగట్లపై తేనెనిచ్చు పూలమొక్కలు పెంచి చేసిన పరీక్షల ఫలితములు 2016లో ప్రకటింపబడెను. పురుగుమందు చల్లుట 70 శాతము తగ్గెను. దిగుబడి 5 శాతము పెరిగెను. పూతేనె త్రాగి బ్రతుకు చిన్న కందిరీగలు మొదలైనవి వరిని తిను పురుగులను నశింపజేయుటయే ఇందలి రహస్యము. ఆ పరీక్షలలోని మొక్కలును మన పెరటి మొక్కలును ఒకటి కాకపోవచ్చును. మన గట్లపై ఇందుకు నువ్వు చాలును. కాని పూవు వ్యర్థమను మాట మాత్రము ఇక చెల్లదు.

ఇది మన ఊరిలో సాధ్యమా యని సందేహించువారు చల్లపల్లి దారులు చూడుడు. 2014 నవంబరు 12వ తేదీన డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాదుగారు, డాక్టర్ పద్మావతిగారు అను వైద్యదంపతుల చొరవతో స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమము ఆరంభమైనది. పదియేండ్లు దాటినను కార్యకర్తలు తెల్లవారకముందే లేచి దారులు ఊడ్చి, మురుగు తీసి, మొక్కలు నాటి, వానిని సాకుచున్నారు. ఒకనాడు ముక్కు మూసికొని నడచిన దారులవెంట నేడు పూలమొక్కలున్నవి. అచ్చటి మట్టియు మన రేగడియే; అచ్చటి వేసవియు మన వేసవియే. భేదమంతయు మరునాడును వచ్చి చూచుటలో కలదు. నాటినవాడు ఒక్కనాటి పని చేసినవాడు. మొదటి రెండు వేసవులు గడపినవాడే మొక్కను పెంచినవాడు.

సంఘము చేయదగిన పని

పైని చెప్పిన మొక్కలలో పెక్కింటికి రూక ఖర్చులేదు. ఒకరి పెరటి కొమ్మయే వేరొకరి పెరటి మొక్క. ఆషాఢమున మంచి వాన పడిన పిదప సభ్యులు ఒకనాడు సంఘపు గిడ్డంగి ఆవరణమునకు తమతమ ఇండ్లనుండి మందార, నందివర్ధనము, కాగితపుపూల కొమ్మలును, మెట్టతామర దుంపలును, దింటెన గింజలును తెచ్చి మార్చుకొనవచ్చును. మిగిలినవానిని ఆవరణములోనే ఒక గట్టుపై నాటినచో అది సంఘమునకు తల్లిమడియగును. ఉప్పునేల గ్రామములవారు, అనగా కోడూరు, నాగాయలంక వైపువారు, తమవద్ద ఏది బ్రతికినదో, ఏది చచ్చినదో వ్రాసి పంపినచో పొరుగువారికి పుస్తకముకంటె అది ఎక్కువ ఉపకరించును. చచ్చినదానిని దాచవలదు. ఒకని నష్టము పదిమందికి తెలిసిననే అది పదిమందికి లాభమగును. సహకారమను మాటకు మేమెరిగిన అర్థము అదియే.

గంటపూల పొట్లమునకు పెట్టదలచిన రూకలతో ఈ యేడు రెండు బండ్ల ఇసుక తోలించి గట్టు కట్టుడు. మొక్క దానంతట అదియే దొరకును.